చిన్నది పాడిన ట్రాక్

మన మొహం మనకి అద్దంలో తప్ప కనిపించదంటారు. సరే, ఒప్పుకుంటాను. కానీ గొంతు సంగతి అలా కాదు కదా. పొద్దున లేచిన దగ్గర్నుంచీ మన గొంతు మనం వింటూనే చస్తాం. అలాంటిది నా గొంతేదో నాకే తెలియలేదంటే, అదీ పాట తప్ప వేరే పని రాని మనిషికి, మీరు నవ్వుతారో జాలిపడతారో మీ ఇష్టం. నాకైతే ఇప్పటికీ ఏం చెయ్యాలో సరిగ్గా తోచడం లేదు.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. చాలా ఏళ్ళుగా ఒక హోటల్లో పాడుతున్నాను. పెద్ద హోటలే. కింది అంతస్తులో బల్లలూ కుర్చీలూ, ఒక మూల చిన్న వేదిక, దాని మీద నేనూ కీబోర్డాయనా. తినేవాళ్ళు తింటుంటారు, మేం పాడుతుంటాం. ఏ పాట అడిగితే ఆ పాట, అది ఎవరు పాడిందైతే వాళ్ళ గొంతు. బొంగురుగా కావాలా, ఇదిగో. తీగలా సన్నగా కావాలా, ఇదిగో. అక్కడ నా పేరు జిరాక్స్. వంటవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరు దాకా జిరాక్సమ్మ వచ్చిందా అని అడిగేవాళ్ళే. మెచ్చుకుంటూనే అంటారు, కాదనను. మొదట్లో నాకూ గొప్పగానే ఉండేది. రాను రాను ఆ పేరుతో పిలిస్తే వినపడనట్టు వెళ్ళిపోవడం మొదలుపెట్టాను.

ఇంట్లో మాత్రం గిటారు పట్టుకుని నా పాటలు నేను రాసుకునేదాన్ని. వెనకాల డ్రమ్ములూ గిటార్లూ దంచేస్తున్నా, మాట మాత్రం పక్కింటావిడతో మాట్లాడినట్టుండే పాటలు. అవి కొన్ని పోగయ్యాక ఒక చిన్న కంపెనీ వాళ్ళు విని ఆల్బమ్ చేద్దామన్నారు. కంపెనీ ఆయన నన్నెదురుగా కూర్చోబెట్టి అడిగింది ఒక్కటే. పాటలు బాగున్నాయి, మరి వీటిని ఎవరిలా పాడతావు? ఎవరిలానూ కాదండీ, నాలా పాడతాను అన్నాను. అనేశాను గానీ ఇంటికొచ్చేదాకా అదే భయం. ఈ మొదటి ఆల్బమ్‌లో నాకంటూ ఒక గొంతుందని తేలకపోతే, ఇంక జీవితమంతా ఆ హోటల్ మూలనే గడిచిపోతుందని నాకు బాగా తెలుసు.

స్టూడియో దొరికింది. డ్రమ్మరూ, బేస్ గిటారాయనా మిగతా పనులు వాయిదా వేసుకుని తేదీ ఇచ్చారు. తీరా ఆ రోజుకి నా గొంతు పోయింది. జలుబు కూడా కాదు, పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే తుప్పు పట్టిన గేటు తీసినట్టుంది. అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడంటారు, నా రాతని బాగుచేసేవాడు కూడా లేడు. వాయించేవాళ్ళకేమో ఎక్కడ పల్లవి, ఎక్కడ చరణం అని తెలియాలంటే ఎవరో ఒకరు పాడుతుండాలి. దాన్ని ట్రాక్ అంటారు. ఆ గొంతు దారి చూపించడానికే. వాయించడం అయ్యాక అసలు సింగర్ వచ్చి పాడితే ట్రాక్‌ని తీసి అవతల పడేస్తారు.

అందుకని మా చిన్నదాన్ని తీసుకెళ్ళాను. మా చెల్లెలు. కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. వచ్చినవాళ్ళ కళ్ళకి అద్దాలు మార్చి మార్చి పెడుతూ, ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతుంటుంది. పాటకీ దానికీ చుట్టరికం లేదు. కానీ ఇప్పుడు వేరే ఉంటున్నా ఒకే ఇంట్లో పెరిగాం కదా, నా పాటలన్నీ దానికి కంఠస్థం. సెలవు పెట్టి వచ్చి, చెప్పులు విప్పి, మైకు ముందు నిలబడి, ఆ రోజు వాయించాల్సిన నాలుగు పాటలకి ట్రాక్ పాడి వెళ్ళిపోయింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా. పాడేటప్పుడు నేను విననే లేదు. పక్క గదిలో డ్రమ్మర్‌కి సైగలు చేస్తూ ఉండిపోయాను.

గొంతు తిరిగొచ్చాక నేను వెళ్ళి అన్ని పాటలూ పాడాను. ఒక్కోటి చాలాసార్లు పాడాను. ఇక్కడ సౌండాయన గురించి చెప్పకపోతే మీకేం అర్థం కాదు. ఆ స్టూడియోలో రికార్డింగంతా చూసేది ఆయనే. ఆయనదొక పద్ధతి. ఒక సింగర్ ఒకే పాట పదిసార్లు పాడిందనుకోండి, ఆ పదీ కంప్యూటర్‌లో కలిపేసి, ఏది ఎప్పుడు పాడిందో కనిపించకుండా తెర ఆపేసి, కళ్ళు మూసుకుని ఒక్కో లైనూ వింటాడు. నచ్చిన లైను ఉంచుతాడు. అలా లైను పక్కన లైను అతికి ఒక పాట చేస్తాడు. కళ్ళతో చూస్తే చెవి అబద్ధం చెబుతుందని ఆయన నమ్మకం. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

ఆల్బమ్ తయారై చేతికొచ్చింది. పేరు 'తాళం వెయ్యలేదు'. మొదటి పాట పేరూ అదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఏం చెప్పను! హాయిగా ఉంది. ఎవరో తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఓసి నీ దుంపతెగ, ఇదా నువ్వు, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే అని నన్ను నేనే తిట్టుకున్నాను. కంపెనీ ఆయన విని, ముందుగా బయటికి వదలడానికి నాలుగు పాటలు ఎంచాడు. ఫోన్ చేసి, నీలా పాడతానన్నావు, మాట నిలబెట్టుకున్నావమ్మా అన్నాడు. ఆ రోజంతా నేను నేలమీద లేను.

రిలీజు రోజున చిన్న ప్రోగ్రాం పెట్టారు. దానికోసం డ్రమ్మర్ ఇంటి గ్యారేజీలో రిహార్సల్ మొదలుపెట్టాం. మొదటి పాట రెండో చరణంలో డ్రమ్మర్ టక్కున ఆపేశాడు. ఆ లైను రికార్డులో అలా లేదు కదా అన్నాడు. నేను పాడింది, "నువ్వు రాలేదని కాదు, నేనింకా లేవలేదు" అని. రికార్డులో "నువ్వు రాలేదని కాదు, నేనూ వెళ్ళలేదు" అని ఉందిట. నేను నవ్వేశాను. అది పాత లైను బాబూ, నేను పాడటానికి వెళ్తూ బస్సులో మార్చేశాను, మైకు ముందు పాతది ఒక్కసారి కూడా పాడలేదు అన్నాను. అతను ఫోన్ తీసి వినిపించాడు.

పాత లైనే ఉంది. అన్నిసార్లు విని, విన్నప్పుడల్లా మురిసిపోయి, ఆ తేడా నేను పట్టుకోలేదు. రెండు లైన్లూ నావే కాబట్టి చెవి దాటిపోయిందనుకుందాం. మరి గొంతు? మైకు ముందు నేను ఎన్నడూ పాడని లైను నా గొంతుతో ఎవరు పాడారు? అడుగుతుండగానే జవాబు తట్టింది. మిగతా రిహార్సల్ ఎలా అయిందో నాకు గుర్తులేదు.

మర్నాడు స్టూడియో తలుపు తీసే వేళకే వెళ్ళి కూర్చున్నాను. చిన్నది పాడింది ఆల్బమ్‌లో కలిసిపోయిందంటే సౌండాయన మొదట ఒప్పుకోలేదు. తర్వాత కంప్యూటర్ తెరిచి చూసి, నుదురు కొట్టుకున్నాడు. ఆ స్టూడియోలో రోజు ఎవరి పేరున బుక్కయితే ఆ రోజు రికార్డయినవన్నీ ఆ పేరునే దాస్తారు. చిన్నది వచ్చిన రోజు కూడా నా పేరునే ఉంది. వాద్యాలు అయ్యాక ట్రాక్‌ని పక్కకి తీయడం ఆయన మర్చిపోయాడు. నేను పాడినవాటితో బాటు దాన్నీ కలిపేసి, కళ్ళు మూసుకుని ఎంచాడు.

నేనొక పందెం వేశాను. తెర నాకు కనిపించకుండా తిప్పండి, ఒక్కో లైనూ వినిపించండి, నాదేదో దానిదేదో నేను చెబుతాను అన్నాను. పన్నెండేళ్ళు పాడిన చెవి కదా, ఆ మాత్రం ధైర్యం ఉంటుంది. మొదటి లైను విని, నాది అన్నాను. రెండోదీ నాదే అన్నాను. మూడోది కొంచెం పట్టి పట్టి పాడినట్టుంది, ఇది చిన్నది అన్నాను. ఇలా పాట చివరిదాకా చెప్పాక ఆయన తెర నా వైపు తిప్పాడు. నేను నాదన్నవన్నీ చిన్నదానివి. చిన్నది అని తీసిపారేసినవి నావి. ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా చెప్పలేదు. ఆ నాలుగు పాటల్లోనూ ముప్పాతిక వంతు అదే పాడింది. కంపెనీ ఆయన ముందుగా వదలడానికి ఎంచిన నాలుగూ అవే.

ఎందుకు ఎంచారండీ దాన్ని అని అడిగాను. నా మాటలో ఏడుపు వినిపించి ఉంటుంది, ఆయన చాలాసేపు చేతి రుమాలుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. కానీ నిజం చెబుతున్నా, అవి వింటే నువ్వు కనిపించావు. మిగతావి వింటే బాగా పాడే ఎవరో కనిపించారు."

మంచి మాటే చెప్పాడు, పుండు మీద కారం చల్లినట్టు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆయన కుర్చీని ఒక్క తన్ను తన్ని బయటికొచ్చాను.

తిన్నగా కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. చిన్నది ఎవరో పెద్దాయనకి కళ్ళు చూస్తోంది. నన్ను చూడగానే దాని మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయింది. అప్పుడే అర్థమైంది దానికి ముందే తెలుసని. అడిగాను. తలూపింది. ఆల్బమ్ మొదటిసారి విన్నప్పుడే పట్టుకుందిట. మరి చెప్పలేదేమే అంటే, నువ్వు నీ పాట విని సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు, చెడగొట్టబుద్ధి కాలేదు అంది. నాకు దాన్ని కొట్టాలనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. అసూయ కూడా వేసింది, దాచుకోవడమెందుకు. నేను ఇన్నేళ్ళు గొంతు చించుకుంటే, ఇది సెలవు రోజున వచ్చి చెప్పులు విప్పి నవ్వుతూ పాడేసి నా ఆల్బమ్ ఎత్తుకుపోయింది.

అయితే పాడింది నువ్వే కాబట్టి నీ పేరే వేయిస్తాను అన్నాను. కోపంగానే అన్నాను, కానీ మనస్ఫూర్తిగానే అన్నాను. అది అద్దాల పెట్టె కింద పెట్టి, నాకు పాటేం వచ్చక్కా, వేరే ఏదైనా పాడమని చూడు అంది. పాడు అన్నాను. చిన్నప్పుడు బడిలో నేర్పిన పాటొకటి అందుకుంది. దేవుడా! శ్రుతి ఒక దిక్కు, తాళం ఒక దిక్కు. కళ్ళు చూపించుకుంటున్న పెద్దాయన ఆ పరీక్ష కళ్ళజోడుతోనే వెనక్కి తిరిగి దాన్ని ఎగాదిగా చూశాడు.

"చూశావా. నాకు పాట రాదు. నువ్వు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఎలా పాడతావో అలా పాడటం ఒక్కటే వచ్చు. అదే పాడాను."

నేను బాల్కనీలో పాడను అన్నాను. పాడతావు అంది. పాడనే అని గట్టిగా అన్నాను. షాపు ఓనరు తల బయటపెట్టి చూసేసరికి నోరు మూసుకుని వచ్చేశాను. దారంతా ఒకటే ఆలోచన. నేను పాడితే నాకు తెలియదా? తెలియకుండా ఎవరైనా పాడతారా? కుడితిలో పడ్డ ఎలుకలా బుర్ర గిలగిల్లాడింది. అది నన్ను చూసి పాడిందంటే ఆ గొంతు నాదే. కానీ మైకు ముందు నిలబడిన మనిషి అది. మరి ఆ గొంతు ఎవరిదని చెప్పాలి?

ఇంక మిగిలింది అమ్మ. అమ్మకి ఆల్బమ్ వినిపించలేదు. అన్నీ అయ్యాక చేతిలో పెట్టి చూపిద్దామని దాచాను. మళ్ళీ సౌండాయన దగ్గరికెళ్ళి ఒకే లైను రెండు రకాలుగా ఫోన్‌లో వేయించుకున్నాను, స్టూడియోలో నేను పాడింది ఒకటి, చిన్నది పాడింది ఒకటి. అమ్మ మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఏం చెప్పకుండా మొదట నాది పెట్టాను.

అమ్మ దుప్పటి అంచులు కలుపుతూ, ఎవరే ఈ అమ్మాయి, బాగా నేర్చుకుందే పాపం అంది.

రెండోది పెట్టాను. అమ్మ తల కూడా ఎత్తలేదు. ఇది నువ్వు అంది.

నేను నమ్మలేదు. ముందూ వెనకా మార్చి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే జవాబు. ఆ అమ్మాయి, నువ్వు. నువ్వు, ఆ అమ్మాయి. చివరికి అమ్మకి విసుగొచ్చి, నా కూతురి గొంతు నాకు తెలియదా, రోజూ ఆ బాల్కనీలోంచి వింటూనే ఉన్నాగా, అసలు నీకేమైందే అని కసిరింది. అమ్మా, అది పాడింది చిన్నది అని చెప్పాను. చెప్పేసి అక్కడే మంచం మీద కూలబడి, మడతపెట్టిన బట్టల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. అమ్మ నా వీపు రాస్తూ, బట్టలు నలుగుతున్నాయే అంది.

ఏడుపు ఆగాక లేచి, బకెట్‌లో ఉన్న తడి బట్టలు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాను. చొక్కా దులిపి తీగ మీద వేశాను. క్లిప్పు పెట్టాను. అదే పాట ఎత్తుకున్నాను, మామూలుగా, ఎవరూ లేనట్టు, ఏమీ పట్టనట్టు. నా మటుకు నాకు బ్రహ్మాండంగా ఉందనిపించింది. లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది, మళ్ళీ ఆ అమ్మాయి వచ్చిందే అని.

అప్పట్నుంచీ ఇదీ వరస. బట్టలు ముట్టుకుంటే చాలు, నాకు నేను వినపడుతున్నాను. ఎవరూ వినడం లేదనుకుని పాడదామంటే, వింటున్న మనిషిని నేనే ఉన్నాను. నీకు తెలియకుండా రహస్యంగా ఫోన్ పెట్టి రికార్డు చేస్తానంది చిన్నది. ఆ ముక్క నాకు చెప్పాక ఇంక రహస్యమేముంది, నా మొహం?

కంపెనీ ఆయనకి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆయన నిదానంగా చెప్పుకొచ్చాడు. ఏ గొంతు ఎవరిదో కన్నతల్లికే తెలియనప్పుడు ఊళ్ళోవాళ్ళకేం తెలుస్తుంది, చెల్లెలికి అభ్యంతరం లేదు, పాటలు నువ్వే రాశావు, ఉన్నది ఉన్నట్టు వదిలేద్దాం అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా ప్రాణం అటే లాగింది. వదిలేస్తే నా పేరు మీద ఆ గొంతు ఊరంతా తిరుగుతుంది. కానీ రేపు వేదిక మీద నిలబడి నోరు తెరిస్తే ఎవరొస్తారు? ఆ బాగా నేర్చుకున్న అమ్మాయే కదా వచ్చేది. హోటల్లో ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ పాడాను. ఇంక నా గొంతుని కూడా జిరాక్స్ తీసి పాడుకోవాలా? వద్దండీ, ఆ నాలుగూ నేను మళ్ళీ పాడతాను, నాకు కొంచెం టైమివ్వండి అన్నాను.

"ఎవరిలానూ కాదు, నాలా పాడతానన్నావు. ఇప్పుడు నీలా పాడటానికి టైం కావాలంటున్నావు. ఏమిటమ్మా ఇది?"

నాకు మాత్రం ఏం తెలుసు? అదే చెప్పాను. ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. అప్పటికి నా గొంతుతో రాకపోతే ఉన్నది ఉన్నట్టే బయటికొస్తుందని, తర్వాత ఏడ్చి లాభం లేదని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

అందుకని ఇప్పుడు చిన్నది షాపు కాగానే మా ఇంటికొస్తోంది. బాల్కనీలో బోర్లించిన బకెట్ మీద అది కూర్చుంటుంది, గిటారు పట్టుకుని నేను కింద కూర్చుంటాను. అది నా పాట ఒక లైను పాడుతుంది. ఒళ్ళు మండినా సరే, నేను బుద్ధిగా విని అదే లైను పాడతాను. అది కళ్ళు చిట్లించి, అద్దం పవరు సరిపోయిందో లేదో చూస్తున్నట్టు నా మొహంలోకి చూస్తుంది. కొన్నిసార్లు లైనులో సగం దాకా తలూపుతుంది. ఆ సగం దాకా నా గుండె ఆగిపోతుంది. నిన్న రెండో చరణం పట్టుకుని సాయంత్రమంతా కూర్చున్నాం. "నేనింకా లేవలేదు" దగ్గరికి వచ్చేసరికి, ఇంక ఈసారి వచ్చేసిందనుకుని, ఉన్నదంతా పెట్టి పాడాను. పాడి దాని వైపు చూశాను.

అది తల అడ్డంగా ఊపింది.

"కాదక్కా. నువ్వలా పాడవు."